రెండు మూరల కువైట్

కోడుమూరు నేతగాడు దాసన్నను ఏ ఊరైనా ఎంత దూరమని అడిగితే మూరల్లో చెబుతాడు. ఆయన మగ్గం మీద గంటకు మూర గుడ్డ దిగుతుంది. ఆ లెక్కన బస్సులో గంటంబావు పట్టే కర్నూలు మూరంబావు, ఆరు గంటలు పట్టే హైదరాబాదు ఆరు మూరలు.

2003లో మగ్గాలకు పని తగ్గి, భార్య మల్లక్క ఇంటిపనికి కువైట్ పోయింది. బేగంపేటలో విమానం పదింటికి లేచింది. "పన్నెండుకు దిగినా" అని అక్కడి నుంచి ఫోన్ చేసింది. రెండు మూరలు, అని దాసన్న లెక్క తేల్చేశాడు. ఆనాటి నుంచి ఎవరు పలకరించినా, చివరికి ఫోన్లో మల్లక్కతోనైనా ఒకటే మాట. "యాడ దూరం? హైదరాబాదు కన్నా దగ్గరే ఉండాది."

సముద్రం అవతలి దేశం హైదరాబాదు కన్నా దగ్గరెలా అవుతుందని మనిషి ఒక్కసారైనా ఆలోచించాడా అంటే, లేదు. ఆలోచించదలుచుకోలేదు. బెంగ పుట్టినప్పుడల్లా మగ్గం గుంతలోకి దిగి రెండు మూరలు నేసి, ఇంతే కదా అనుకుని లేచేవాడు.

రెండేళ్లకు మల్లక్క తిరుగు ప్రయాణం కట్టింది. "రేపు పొద్దున తొమ్మిదికి ఈడ ఎక్కుతాండా. హైదరాబాదులో దిగినాంక శెట్టి అంగడికి ఫోన్ చేస్తా. నాకు తోడుండారు, నువ్వు రావద్దు" అంది.

మరునాడు తొమ్మిదికి దాసన్న నేత మొదలుపెట్టాడు. రెండు మూరలయ్యాయి. పక్కనే ఉమామహేశ్వర శెట్టి నూలు అంగడిలో ఫోన్ మోగలేదు. మూడు మూరలు, నాలుగు మూరలు. ఐదో మూరలో పోగులు తెగడం మొదలైంది. లేచి అంగడి గడప దగ్గర నిలబడ్డాడు.

"ఇమానం పడిపోయింటే టీవీలో చెప్తారు లేప్పా" అన్నాడు శెట్టి, ధైర్యం చెబుతున్నాననుకుని. మహానుభావుడు ఉన్న కాస్త ధైర్యాన్నీ ఊడబెరికాడు.

ఏడు మూరలు నేసేంత సేపు దాటాక ఫోన్ మోగింది.

"నేనే. ఇప్పుడే దిగినా."

దాసన్న నూలు బస్తా మీద కూలబడ్డాడు. పోయిన ప్రాణం లేచొచ్చింది. "ఏడు మూరలు దాటెనే. రెండు మూరల దావకు ఇంత పొద్దా?"

మల్లక్క ఇక దాచలేదు. "రెండు కాదు, నాలుగున్నర. ఆడ గడియారాలు మనకంటే రెండున్నర గంటలు ఎనక. ఈ పొద్దు నేను తొమ్మిదికి ఎక్కితే నీకు పదకొండున్నర. పొయ్యేటప్పుడు ఆడి గడియారం చూసి పన్నెండు అంటి. వారం తిరక్కముందే తెలిసింది నాకు."

"మరి చెప్పలేదేమే?"

"రెండు మూరలే అని ధైర్యంగా ఉండావు. ఎట్ల చెప్పేది?"

దాసన్నకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెండేళ్లు అంత దూరాన్ని ఆమె ఒక్కతే మోసింది.

"ఇప్పుడెంత దూరం ఉండావు?" అన్నాడు.

"ఆరు మూరలు. ఇది మాత్రం నిజం."

ఇంటికొచ్చి తెగిన పోగులన్నీ ముడేశాడు. ఆరు మూరలకు సరిపడా నూలు పక్కన పెట్టుకుని మగ్గం గుంతలోకి దిగాడు.