కాలనీలో మొదటి చావు

సూళ్లూరుపేటకు అవతల, రైలుకట్ట దాటాక, సరుగుడు తోపు కొట్టేసి మా కాలనీ కట్టారు. అరవైల మొదట్లో మాట. నాలుగు వరసల మంగుళూరు పెంకుల ఇళ్లు, అందరికీ ఒకటే బావి. మాలో ఎవరికెవరూ చుట్టాలు కారు. తాలూకాఫీసు గుమాస్తా మా నాన్న. మిగతావాళ్లు టీచర్లు, రైల్వేవాళ్లు. పండగ వస్తే తాళాలు వేసుకుని ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయేవాళ్లం.

పక్కింట్లో ఒక క్రైస్తవ టీచరుగారు, ఆయన భార్య ఉండేవాళ్లు. పిల్లలు లేరు. నాకు లెక్కలు ఆయనే చెప్పేవారు. నాన్నను కన్న మా అవ్వ మాత్రం, టీచరుగారి భార్య బావి దగ్గరికి వస్తే తన బిందె పక్కకు జరుపుకునేది.

రెండో ఏడు కార్తీకంలో వానలు విడవకుండా పడ్డాయి. టీచరుగారికి జ్వరం తగిలింది. ఐదోనాటి పొద్దున పోయారు. వాళ్ల బంధువులంతా చిట్టమూరు వైపు పల్లెలో ఉన్నారు. దారి నీళ్లలో మునిగిపోయింది. పాస్టరుగారు ఒక్కరే గొడుగు వేసుకుని వచ్చారు. వడ్రంగి పెట్టె చేసి తెచ్చాడు.

మధ్యాహ్నానికి వాన తెరిపిచ్చింది. కాలనీ మగవాళ్లు ఆ గుమ్మం ముందు నిలబడ్డారు గాని ఎవరూ లోపలికి వెళ్లలేదు. ఎవరు మొయ్యాలో ఎవరికీ తెలియదు. పల్లెల్లో అయితే చెప్పే పెద్దలు ఉంటారు.

అవ్వ అరుగు దిగి నాన్న దగ్గరికి వచ్చింది.

"ఏందిరా, అట్ట నిలబడుండావు?"

మన వాళ్లు కారు గదా అని నాన్న నసిగాడు.

"వాళ్లోళ్లు వచ్చిందాకా ఆ బిడ్డ ఒక్కతే శవాన్ని పెట్టుకోని కూర్చోవాల్నా? ఈ పొద్దు ఆమెకి ఉండేది మనమే. పో, భుజమియ్యి."

నాన్న పంచె ఎగగట్టి లోపలికి వెళ్లాడు. వెనకే ఒక రైల్వే ఆయన, తర్వాత ఇంకో ఇద్దరు. వాళ్లు బురదలో పెట్టె మోసుకుపోతుంటే, అవ్వ మొదటిసారి ఆ ఇంట్లో అడుగుపెట్టి ఆవిడ పక్కన నేల మీద కూర్చుంది. చీకటి పడేదాకా లేవలేదు. నాన్న భుజం చాలా రోజులు కమిలి ఉండింది.

దారి తేలాక ఆవిడ అన్న బండి కట్టుకుని వచ్చి, తనతో రమ్మన్నాడు.

"ఆయన్ని ఈడ పెట్టి నేనెట్ట వస్తా, అన్నా?" అంది ఆవిడ.

ఉండిపోయింది. భర్త పనిచేసిన స్కూల్లోనే చిన్న క్లాసులకు టీచరుగా చేరింది. ఆ తర్వాత కాలనీలో ఎవరింట్లో చావు జరిగినా మగవాళ్లు పిలవకుండానే వచ్చేవాళ్లు. అందరూ అని చెప్పలేను. రెండిళ్లవాళ్లు ఆ రోజూ రాలేదు, తర్వాతా రాలేదు.