రెఫరెన్సులో రాసిన నంబరు

ఒకప్పుడు మెదక్‌లో సర్కారు కొలువు ఆశపడ్డ ప్రతివాళ్ల వేళ్లూ గాబ్రియేలు సారు దగ్గర నలిగినవే. ముప్పై ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారాయన. కామా తప్పితే కాగితం చించి చేతికిచ్చేవారు. ఉత్తరానికి విషయం ఒక్క లైనులో శుభ్రంగా ఉండాలి. ఎదుటివారి లేఖ నంబరు, తారీఖు దాని కింద రెఫరెన్సులో ఉండాలి. అందులో బేరం లేదు.

నిరుడు ఆయన భార్య సౌభాగ్యమ్మ పోయింది. పిల్లలు లేరు. చర్చి వెనక వీధిలో ఆ ఇల్లు బోసిపోయింది. చర్చి క్వయర్‌లో కొత్తగా చేరినవాళ్లకు నేర్పడానికి ఆమె పాటలు పాడి ఫోనులో, ఒక యాప్‌లో దాచేది. ఫోను పాడైంది, పాస్‌వర్డు ఆమెతోనే పోయింది. ఆ నలభై పాటలు తప్ప ఆమె గొంతు ఇంకెక్కడా లేదు.

సారు ఆ యాప్ కంపెనీకి మెయిల్ పెట్టారు. గంట తిరక్కుండా జవాబొచ్చింది. ఏడాదిగా ఎవరూ తెరవని ఖాతా కనుక పదిహేను రోజుల్లో చెరిగిపోతుందట. ఆలోగా డెత్ సర్టిఫికెట్ పంపితే ఆయనకు అప్పగిస్తారట. విషయం లైనులో బ్రాకెట్ల మధ్య పొడుగాటి నంబరొకటి ఉంది. నంబరుకు అదేం చోటని సారు ముఖం చిట్లించారు. కొత్త మెయిల్ తెరిచి, విషయం చక్కగా రాసి, నంబరును తారీఖుతో సహా రెఫరెన్సులో పెట్టి, సర్టిఫికెట్ జతచేసి పంపారు.

‘గాబ్రియేలు గారూ, మీ అభ్యర్థన అందింది’ అని ఇంకో కొత్త నంబరుతో జవాబొచ్చింది. ఒకట్రెండు రోజులు చూసి మళ్లీ రాశారు. మళ్లీ అదే పలకరింపు, మళ్లీ కొత్త నంబరు. అలా తొమ్మిది ఉత్తరాలు. నిజం చెప్పాలంటే ఆ పలకరింపు ఆయనకు బాగుండేది. ఆ ఇంట్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచేది ఇప్పుడు అదొక్కటే. పాపం, చెవిటివాడి ముందు శంఖం ఊదుతున్నానని ఆయనకేం తెలుసు.

పదహారో రోజున మొదటి నంబరుతో మెయిల్ వచ్చింది. మీ నుంచి జవాబు రాలేదు, ఖాతా చెరిపేశాం, అభ్యర్థన మూసేశాం.

ఆయన దాన్ని ప్రింటు తీసుకుని రాందాస్ చౌరస్తాలో నెట్ సెంటర్ నడిపే రచన దగ్గరకు పోయారు. ఆమె తల్లి ఒకప్పుడు సారు దగ్గరే టైపు నేర్చుకుంది. రచన ఆయన పంపిన తొమ్మిది మెయిళ్లూ తెరిచి చూసి, స్క్రీను ఆయన వైపు తిప్పింది.

“సార్, ఇవి మెషిన్లు చూసుకుంటయి. పైన విషయంల నంబర్ ఉంటేనే మీ జవాబని గుర్తుపడ్తది. ఇగో, ఈ రిప్లయి నొక్కితే ఆ నంబర్ అట్లనే ఉంటది. లేకుంటే ఎవరో కొత్తోళ్లు రాసిండ్రనుకుంటది.”

“లోపల రాసిన గద బిడ్డా. తారీఖుతోని రాసిన.”

“మనిషైతే చూసేటోడు సార్.”

సారు ఇంటికొచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నారు. ఆమె చూపించినట్టే, నంబరును ముట్టుకోకుండా, రిప్లయి నొక్కారు. ‘నేను తొమ్మిదిసార్లు జవాబిచ్చాను’ అని మాత్రం రాసి పంపారు.

ఈసారి కొత్త నంబరు రాలేదు. మీ జవాబును మీ అభ్యర్థనకు జతచేశాం అని వచ్చింది. అంత సులువా అనుకుని, గాబ్రియేలు సారు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చారు.