ఫారంలో చోటు లేని తాతగారు

కొండాపూర్‌లో ఫ్లాట్ అద్దెకు దొరికింది. ఉగ్రవాదుల భయంతో యజమాని ముందు పోలీసు ఫారం కావాలన్నారు. ఊరందరికీ ఇళ్ల స్థలాలు పంచిన వంశం మాది, అయినా నింపాను. ‘కుటుంబంలో ఎవరైనా అరెస్టయ్యారా?’ అన్నచోట, స్వాతంత్ర్యోద్యమంలో మా తాతగారిని విచారణ లేకుండా ఏడాది జైల్లో పెట్టారని గర్వంగా రాశాను.

“గిది కొట్టేయుండ్రి సార్, ముద్రేస్త,” అన్నాడు స్టేషన్లో కానిస్టేబుల్.

“ఆయన దేశం కోసం జైలుకు వెళ్లారు.”

“ఎందుకు పోయిన్రో రాసేటందుకు ఫారంల జాగ లేదు సార్. పోయిన్రా, లేదా, అంతే.”

నేను కొట్టెయ్యలేదు. ఫారం పై అధికారుల విచారణకు వెళ్లింది. ఉగ్రవాద నిరోధక చట్టాలను ఎన్నిసార్లు సవరించినా ప్రభుత్వం పౌరహక్కులకు భంగం రానివ్వలేదట. మా వంశం వల్ల దేశానికి ముప్పు లేదని నెల తర్వాత తేల్చారు. అప్పటికి ఫ్లాట్‌లో వేరేవాళ్లు చేరారు. ఇప్పుడు ఊరి చివర బాచుపల్లిలో అద్దెకుంటూ రెండు బస్సులు మారి ఆఫీసుకు వస్తున్నాను, దేశభద్రతకు నా వంతుగా.