మామ్మ గీసిన పెద్దోళ్ళ ఇల్లు

అరకులో ఓ రిసార్టు గోడ మీద మా సవర తెగ బొమ్మల్ని ప్లాస్టిక్ రంగుతో గీసి, వాటి చేతుల్లో కాఫీ కప్పులు పెట్టారు సిగ్గులేనివాళ్ళు. ఆ రంగు కంపుకి బయటికొచ్చేశాను.

నాకు ఏడేళ్ళప్పుడు జ్వరమొస్తే, తగ్గాలని మామ్మ మా ఇంటి ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో మనుషుల్ని గీసింది. బోర్డు మీద ఒక వరస తిన్నగా రాయలేని మా బడి మాస్టారు అది చూసి "చదువురానోళ్ళ పిచ్చిగీతలు" అని నవ్వాడు. నిజమనుకుని తడిగుడ్డతో తుడిచేశాను.

మామ్మ కొట్టలేదు. "సచ్చిపోయిన మన పెద్దోళ్ళకి కట్టిన ఇల్లు అది, ఓలె గుంటా. ఆళ్ళిప్పుడు ఏటి సేత్తారు?" అంటూ మళ్ళీ పిండి కలిపి, వెదురుపుల్ల నా చేతికిచ్చింది.

నా గీత వంకరపోయింది. చెరపబోతే చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ. అందులోనే సర్దుకుంటారు."

ఇప్పుడు మా ఊరి ఆడపిల్లలకు ఆ బొమ్మలు నేర్పేది నేనే. మాస్టారిని ఎంత అసహ్యించుకున్నా, ఆయన మాట నమ్మిన నన్ను అంతకన్నా అసహ్యించుకుంటాను.