మనుషులూ పెట్టెలూ కలిపి

“...అరవై రెండంటే అరవై రెండే. మొన్న మా పుట్టింట్లో చూసుకున్నాను.”

“మీ పుట్టింటి మెషిను కూడా మీ పుట్టింటివాళ్ళ లాంటిదే. నీకు నచ్చిందే చెబుతుంది.”

తమ్ముడూ అతని భార్యా కారు దిగుతూ కూడా గొడవ ఆపలేదు. వెనకనుంచి వాళ్ళ కూతురు ఫోను చూసుకుంటూ దిగింది. చివరికి అమ్మ, తలుపు పట్టుకుని, ఒక్కో కాలూ కింద పెడుతూ దిగింది. డిక్కీలో నాలుగు పెట్టెలున్నాయి.

అక్క లారీలు తూచే వేబ్రిడ్జి గదిలోంచి చూస్తోంది. ఆదివారం కాబట్టి లారీలు లేవు. క్వారీ దారి మొదట్లో ఒక ఇనుప వేదిక, దాని పక్కన ఒక గది, గదిలో బల్ల, ప్రింటరు, కిటికీ. డ్రైవర్లకు కనబడేలా బయటి గోడ మీద ఎర్ర అంకెల బోర్డు. ఇరవై రెండేళ్ళుగా ఆమె పని అదే. లోడు లారీ ఎక్కుతుంది, అంకె రాసుకుంటుంది; ఖాళీ లారీ ఎక్కుతుంది, అంకె రాసుకుంటుంది; రెండింటికీ తేడా చీటీ మీద కొట్టి సంతకం పెడుతుంది. లోడు తక్కువ తేలాలని, ఖాళీ లారీ బరువెక్కువ చూపించడానికి సీటు కింద రాళ్ళు దాచే డ్రైవర్లుంటారు. ఆమె లేచి వెళ్ళి చూడదు. బోర్డు వైపు ఒకసారి చూసి, “సీటు ఎత్తు నాయనా,” అంటుంది. అంతే.

డ్రైవర్లు ఆమెను కాటా మేడమ్ అంటారు. అది ఎదురుగా. వెనక అనేది ‘ఫుల్ లోడు’. ఆ పేరు ఇంటిదాకా ఎలా వచ్చిందో గానీ, తమ్ముడు అన్నం దగ్గర సరదాగా వాడతాడు. ఆమె కూడా నవ్వుతుంది.

దీవుల ప్రయాణం ఆమె ఆలోచన. లారీకీ లారీకీ మధ్య, పాడైన చీటీల వెనక, ఏడాదిన్నర పాటు రాసుకుంది. ఐదు దీవులు, పదకొండు రోజులు. ఏ దీవిలో ఎండ ఎప్పుడు తగ్గుతుందో, ఎక్కడ అలలుండవో, అమ్మ మోకాళ్ళకు మెట్లు లేని గదులు ఎక్కడ దొరుకుతాయో అన్నీ ఉన్నాయి. మూడో దీవి కింద ఒక్కటే మాట: ‘ఏమీ చేయకూడదు’. తమ్ముడు అది బయటికి చదివి, “ఏమీ చేయకపోవడానికి అంత దూరం ఎందుకక్కా, ఇంట్లో మా ఆవిడ చేసేది అదేగా,” అన్నాడు. అయినా అందరూ ఒప్పుకున్నారు. ఆమె పెద్ద సెలవు అడగడం ఉద్యోగంలో చేరాక ఇదే మొదలు.

దీవికీ దీవికీ మధ్య తిరిగేది నీళ్ళ మీద వాలే చిన్న విమానం. ఆరుగురికి చోటుంది. కానీ మనుషులూ పెట్టెలూ కలిపి నాలుగొందల కిలోలు దాటకూడదు, తూకం చీటీ సోమవారానికి పంపాలి అని కంపెనీ రాసింది. ఒక గుంపుకు ఒక్క విమానమే. మిగతా రోజులన్నీ నిండిపోయాయి. “మన చేతిలో కాటా ఉండగా ఎవర్నో అడగడమెందుకు? సర్దిన పెట్టెలతో సహా ఆదివారం వచ్చెయ్యండి,” అంది అక్క.

తమ్ముడు పెట్టెలు వేదిక మీద పెట్టాడు. నలుగురూ ఎక్కి నిలబడ్డారు.

“కదలకండి,” అంది ఆమె కిటికీలోంచి, లారీలకు చెప్పే గొంతుతోనే. బోర్డు మీద మూడొందల నలభై నిలిచింది. ప్రింటరు చీటీ కక్కింది.

“ఇంకా అరవై మిగిలింది. నా రెండో పెట్టె అనవసరంగా ఇంట్లో వదిలేశాను,” అంది తమ్ముడి భార్య.

“నువ్వొకసారి దిగు,” అన్నాడు తమ్ముడు.

“ఎందుకు?”

“దిగవే, చెబుతా.”

ఆమె దిగింది. బోర్డు మీద రెండొందల అరవై. తమ్ముడు వేళ్ళు మడిచి చూపించాడు. “ఎనభై. మీ పుట్టింట్లో పద్దెనిమిది కిలోలు మర్చిపోయి వచ్చినట్టున్నావు.”

కూతురు నవ్వింది. అమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

తమ్ముడి భార్య మొహం ఎర్రబడింది. “ఇది రాళ్ళు తూచేది. మనుషుల్ని కాదు.” కిటికీ వైపు తిరిగింది. “అయినా వదిన ఎక్కనే లేదుగా. ఆవిణ్ణి కూడా ఎక్కమనండి, చూద్దాం.”

అక్క చేతిలో చీటీ, సంతకానికి తెరిచిన పెన్నూ ఉన్నాయి. తనను లెక్కలో వేసుకోలేదని అప్పుడు తట్టింది. వేదిక మీద ఆమె ఎప్పుడూ నిలబడలేదు. అందరినీ లోపలినుంచే చూస్తుంది. పెన్ను మూసి బయటికొచ్చింది.

ఐదుగురూ నిలబడ్డారు. నాలుగొందల యాభై.

ఎవరూ నవ్వలేదు. ఆమె చెప్పులు విప్పి కింద పెట్టింది. బోర్డు కదల్లేదు.

“చెప్పులేమన్నా ఇనుపవా అత్తా?” అంది మేనకోడలు.

“పెట్టెలు దించండి,” అంది అక్క. ఎవరూ వంగకపోతే తనే ఒక్కొక్కటీ దించి మళ్ళీ ఎక్కి నిలబడింది. ఆయాసం తీరకముందే బోర్డు చూసింది. “సరిగ్గా నాలుగొందలు. చూశారా? మొదటి రోజు బజారు రాసే ఉంచాను. మనిషికి రెండేసి జతల నూలు బట్టలు అక్కడే కొనుక్కుందాం. ఆ ఎండకి ఇంతకంటే ఎవరికీ అక్కర్లేదు. అమ్మ మందులు జేబులో పట్టుకెళ్ళొచ్చు.”

“పదకొండు రోజుల ఫోటోల్లోనూ అదే డ్రెస్సా? నేను రాను,” అంది మేనకోడలు.

“పిల్ల మూణ్ణెల్లనుంచి కొనుక్కుంటోంది వదినా. ఒక్కరి కోసం అందరం కట్టుబట్టలతో వెళ్ళాలంటే ఎలా?”

“ఒక్కరి కోసమంటే...” అంది అక్క. “ప్రయాణానికి ఇంకా రెండు నెలలుంది. నేను తగ్గుతాను.”

“ఎంత?” అన్నాడు తమ్ముడు. “యాభై తగ్గుతావా? అంటే సగం నిన్ను ఇంట్లో వదిలిరావాలి.” భార్య నవ్వడం చూసి మాట కొనసాగించాడు. “కోపం తెచ్చుకోకక్కా. నీ కాటా పదేసి కిలోల లెక్కన చెబుతుందని నువ్వే అన్నావు. సరిగ్గా నాలుగొందలంటే అయిదు ఎక్కువ కూడా అయ్యుండొచ్చు. పైన గాల్లో ఉండగా ఏదైనా అయితే? అమ్మ కూడా ఉంటుంది.”

“రెండు పెట్టెలు చాలు, నలుగురికి. మిగతా రెండూ...” అంది అక్క.

“రెండుంచినా నువ్వెక్కితే దాటుతుంది. ఆ మాత్రం లెక్క నీకు నేను చెప్పాలా?”

చెప్పనక్కర్లేదు. ఆమె ఆ లెక్క ఎప్పుడో చేసేసింది. “అన్నీ వదిలేస్తేనే,” అంది. “మీరొప్పుకుంటే నేనూ వస్తాను. నేనెప్పుడూ ఏదీ అడగలేదురా.”

“ఇంటికి తాళం వేసుకుని అన్ని రోజులు వెళ్ళడం కూడా మంచిది కాదనే ఉంది నాకు,” అంది తమ్ముడి భార్య, ఎవరితోనో అన్నట్టు. “వదిన రాసిన కాగితం ఎటూ మన దగ్గరే ఉంటుంది. ఎక్కడ ఏం చూడాలో అన్నీ వివరంగా ఉన్నాయి.”

అమ్మ అప్పటికే దిగి ఒక పెట్టె మీద కూర్చుంది. అక్క ఇంకా వేదిక మీదే ఉంది, చెప్పుల్లేకుండా. ఇనుము కాలుతోంది. ఒక పాదం ఎత్తి రెండో పాదం మీద పెట్టుకుంది.

“నువ్వు చెప్పమ్మా,” అంది. “నువ్వెలా అంటే అలా.”

అమ్మ కొడుకు వైపు చూసింది, తర్వాత మనవరాలి వైపు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది.

“పెట్టెలు వస్తాయి,” అంది. “ఇది ఉంటుంది.”