పట్టేసిన ఇంజన్ మీద సుద్దగీత

ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే, ముందు బోల్టులు బిగించి చూడమని చెప్పే మనిషిని నేను. నరసరావుపేటలో ముప్పై ఏళ్ళకు పైగా మెకానిక్‌గా పనిచేశాను. ఒకసారి మాచర్ల వైపు నుంచి ఒకాయన, తన జీపులో ఎవరో ఆడమనిషి ఏడుస్తోందని, బంపరుకు నిమ్మకాయలు కట్టించి మరీ తీసుకొచ్చాడు. డైనమో బేరింగు మార్చాను. ఏడుపు ఆగిపోయింది.

ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి నన్ను అలాంటివి నమ్మేవాళ్ళలో కలపకండి. నేను నమ్మను. ఇందులో నేను కళ్ళతో చూసినవీ, చేతులతో పట్టుకున్నవీ తప్ప ఇంకేమీ లేవు.

అది ఎనభై నాలుగో, ఐదో సరిగ్గా గుర్తులేదు. మిరప కోతలు అయిపోయి ఎండలు ముదురుతున్న రోజులు. మా షెడ్డు వినుకొండ రోడ్డులో ఉండేది. మా నాన్న అప్పటికే చూపు తగ్గి పని మానేశాడు గానీ, రోజూ వచ్చి వాకిట్లో బల్ల మీద కూర్చునేవాడు. ఇంజన్ చప్పుడు విని, ఏ సిలిండర్ సరిగ్గా పనిచేయడం లేదో అక్కడి నుంచే చెప్పేవాడు. మా పక్కనే యోహాను లేతు షాపు. ఇనుములో ఏం కోయాలన్నా, మలచాలన్నా యోహానే.

ఒకరోజు రొంపిచర్ల దగ్గరి పల్లె నుంచి ట్రాక్టర్ ట్రక్కులో ఒక కారు వచ్చింది. రెండే సీట్లు. ఇంగ్లండులో తయారైన పాత స్పోర్ట్స్ కారు. పొడవాటి ముక్కు, సైకిల్ చక్రాలకున్నట్టు పుల్లల చక్రాలు. ఒకప్పుడు ఆకుపచ్చ రంగు అయ్యుండాలి. పదహారేళ్ళుగా పత్తికొట్టంలో పడి ఉందట. గుడ్డ టాపును ఎలుకలు తినేశాయి. డ్రైవర్ సీటు కింద కోడిగుడ్డు పెంకులు దొరికాయి.

యజమాని పేరు కోటేశ్వరరావు గారు. అరవైకి దగ్గర పడిన రైతు. గుంటూరులో పొగాకు వ్యాపారం చేసి తన దేశం వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర, వయసులో ఉన్నప్పుడు మోజుపడి కొన్నారట. తక్కువ మాట్లాడే మనిషి.

"ఇది నడవాలి మస్తానూ. ఎట్టా నడిపిస్తావో నీ ఇష్టం. ఆ ఇంజన్ మాత్రం పీకి అవతల పారెయ్. నా కంటికి కనపడగూడదు," అన్నారు.

"ఏమైందండీ దానికి?"

"పట్టేసింది," అని, ఇక అడగొద్దన్నట్టు తల తిప్పుకున్నారు.

పట్టేయడమంటే లోపల తిరిగే భాగాలు బిగుసుకుపోయి ఇక కదలకపోవడం. అయినా బండి సొంత ఇంజన్‌ని పారేయడానికి మెకానిక్‌కి మనసొప్పదు. ఆయనకు చెప్పకుండానే ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లో డీజిల్ పోసి వారం రోజులు నానబెట్టాను. ఇంజన్ ముందుభాగంలో ఉండే పుల్లీ నట్టుకు పెద్ద స్పానర్ పెట్టి, దానికి నాలుగడుగుల పైపు తొడిగి, నేనూ యోహానూ వేలాడాం. కదల్లేదు. వెంట్రుకవాసి కదిలినా తెలియాలని పుల్లీ మీద సరిగ్గా నడినెత్తిన సుద్దతో ఒక గీత గీశాను. మళ్ళీ లాగాం. పైపు వంగింది. గీత ఉన్నచోటే ఉంది.

ఇక లాభం లేదని ఆ ఇంజన్‌ని దించి, షెడ్డు వెనక సామాన్ల గదిలో రెండు కర్రదుంగల మీద పెట్టాం. ఆ గదికి ఒకటే తలుపు, కిటికీ లేదు. తాళం ఒకటే, చెవి నా జేబులో ఉండేది.

కొత్తగా బిగించడానికి గుంటూరులో ఒక అంబాసిడర్ ఇంజన్ దొరికింది. ఆ కారుకి దెబ్బ వెనకవైపు తగలడంతో ఇంజన్ బాగానే ఉంది. తెచ్చి పాతదాని పక్కన పెడితే రెండూ ఒకే తల్లి పిల్లల్లా కనిపించాయి. కూర్చునే చోట మాత్రం బొటనవేలంత తేడా వచ్చింది. యోహాను ఇనప పలకలు కోసి ఆ తేడా సరిచేశాడు. నాకు ఆ పని చానా ఇష్టంగా సాగింది. భోజనానికి ఇంటికి పోవడం కూడా మరిచిపోయేవాణ్ణి.

అప్పుడే ఒకాయన వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. బస్సు దిగి, గొడుగు వేసుకుని నడిచివచ్చాడు. కారు వంక సరిగ్గా చూడను కూడా లేదు.

"పాత ఇంజన్ ఏం చేశారు?" అని అడిగాడు.

వెనక గదిలో ఉందన్నాను. చూడొచ్చా అన్నాడు. తాళం తీశాను. ఆయన లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడి ఐదు నిమిషాలు చూశాడు. మంచినీళ్ళిస్తే వద్దన్నాడు. పేరు అడిగితే సుబ్బారావు అని చెప్పి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున ఏదో సామాను కోసం ఆ గది తెరిచాను. సుద్దగీత పుల్లీ నెత్తిన లేదు. కుడిపక్కకు, గడియారంలో మూడు అంకె ఉండే చోటుకు వచ్చి ఉంది.

డీజిల్ నానిపోయి ఇంజన్ విడిచిందని సంతోషంతో యోహానును కేకేశాను. పైపు తొడిగి ఇద్దరం లాగాం. ఇదివరకటిలాగే రాయిలా ఉంది.

"నువ్వే ఎక్కడో గీసి మరిచిపోయావు భాయ్," అన్నాడు యోహాను.

అయ్యుండొచ్చు. అందుకే ఈసారి సుద్దను నమ్మలేదు. ఆకురాయితో పుల్లీ అంచు మీద పైన ఒక గాటు పెట్టాను. దానికి ఎదురుగా ఇంజన్ ఒంటి మీద ఇంకో గాటు పెట్టాను. సుద్దగీతను చెరిపి ఇంకోచోట గీయొచ్చు. ఇనుములో కోసిన గాటును ఎవరూ జరపలేరు.

పది రోజులు అది అలాగే ఉంది. రోజూ తాళం తీసి చూసేవాణ్ణి. నాకే నవ్వొచ్చింది.

తర్వాతి శుక్రవారం సుబ్బారావు గారు మళ్ళీ వచ్చారు. ఈసారి కూర్చున్నారు. ఆ ఇంజన్‌ని సోమవారం పాతసామాన్లవాళ్ళు తీసుకుపోతారని చెప్పాను. ఆయన గొడుగు పక్కన పెట్టారు. తర్వాత మా నాన్న వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టారు. ముసలాయన కదా, సులువనిపించిందేమో.

ఆయన కోటేశ్వరరావు గారి తమ్ముడు. పదహారేళ్ళ కిందట, మే నెలలో, వాళ్ళమ్మకు ఉన్నట్టుండి గుండెల్లో నొప్పి వచ్చింది. అన్న ఆమెను ఆ కార్లో కూర్చోబెట్టుకుని గుంటూరు బయల్దేరాడు. నరసరావుపేట చేరకముందే బానెట్‌లోంచి పొగ లేచి బండి ఆగిపోయింది. ఎండలో గంటన్నర. చివరికి ఎడ్లబండి మీద ఊళ్ళోకి తెచ్చేసరికి ఆమె లేదు.

"అంతకు ముందురోజు సాయంత్రం రేడియేటర్‌లో నీళ్ళు పొయ్యమని అన్నయ్య నాకు చెప్పాడు. నీళ్ళు లేకే ఇంజన్ కాలిపోయిందన్నాడు. ఆ రోజు నుంచి నాతో మాటల్లేవు. ఇంటికి అడ్డగోడ కట్టాడు."

"మరి పోశారా?" అని నాన్న అడిగాడు.

"అదే సాయిబు గారూ. పోశానో లేదో నాకే గుర్తులేదు. పోశానని ప్రమాణం చెయ్యమంటే చెయ్యలేను. పొయ్యలేదని ఒప్పుకోనూలేను. పదహారేళ్ళ నుంచి ఆ ఒక్క సాయంత్రం గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నా."

లేచి, ఇంజన్‌ని ఒకసారి చూస్తానన్నారు. ఈసారి లోపలికి వెళ్ళి, కింద కూర్చుని దాని మీద చెయ్యి వేశారు. ఆయన బయటికి వచ్చాక, అలవాటు ప్రకారం రెండు గాట్లనూ చూశాను. ఎదురెదురుగానే ఉన్నాయి. ఆయన చూస్తుండగానే తాళం వేశాను. ఆయన బస్టాండుకు, నేను జుమ్మా నమాజుకు వెళ్ళాం. నాన్న కళ్ళ నొప్పితో ఆరోజు షెడ్డులోనే నమాజు చేసుకున్నాడు, ఆ గది తలుపు ఎదురుగానే ఉన్నాడు.

గంటలోపే తిరిగొచ్చాను. ఎందుకో ముందు ఆ గదే తెరిచాను. పుల్లీ మీది గాటు కింద, దుంగ వైపు ఉంది. సగం చుట్టు తిరిగింది.

పట్టపగలు. బయట లారీలు పోతున్నాయి. నాన్నను అడిగితే ఏ చప్పుడూ వినలేదన్నాడు. ఆయన చెవులకు వాల్వు చప్పుడు కూడా తప్పదు. యోహాను వచ్చి చూసి, పైపు వైపు కూడా చూడకుండా గడప దాటి బయటికి పోయాడు.

"నేను రాను భాయ్. ఏం కోసిపెట్టాలన్నా మా షాపులోనే కోసిపెడతా," అన్నాడు.

సుద్దగీత జరిగింది కూడా సుబ్బారావు గారు వచ్చిపోయిన మర్నాడే అని అప్పుడు తట్టింది. ఆ మాట నాన్నతో అన్నాను. ఈ ఇంజన్‌ని సోమవారం దాకా కాదు, ఇప్పుడే పంపించేద్దామని కూడా అన్నాను.

నాన్న నెమ్మదిగా అన్నాడు. "తిరగని ఇంజన్ తిరిగితే భయమెందుకు బేటా? తిప్పాలని వారం రోజులు వేలాడింది మనమే గదా. ఇప్పి చూడు. ఆ మనిషి అడిగేదానికి జవాబు దాని లోపలే ఉంటది."

శనివారం పొద్దున మొదలుపెట్టాను. ముందు ఇంజన్ పైమూత, అదే హెడ్, విప్పాను. నీళ్ళు లేక కాలిన ఇంజన్లను చాలా చూశాను. హెడ్ వంగిపోతుంది, మధ్యలో గాస్కెట్ మాడి రాలిపోతుంది. ఇక్కడ గాస్కెట్ మాడలేదు. ఉక్కు స్కేలు పెట్టి చూస్తే హెడ్ తిన్నగా ఉంది. నీళ్ళు తిరిగే దారుల్లో నీటి మట్టం వరకు తుప్పు చార కట్టి ఉంది. అంటే బండి కొట్టంలో పెట్టాక చాన్నాళ్ళ వరకు ఆ ఇంజన్‌లో నీళ్ళు నిండుగా ఉన్నాయి.

తర్వాత తిరగేసి అడుగు విప్పాను. ఆయిల్ ఉంది, తారులా చిక్కబడి. ఆయిల్‌ని పైకి తోడే పంపు ఇరుసు మధ్యలో రెండు ముక్కలై ఉంది. ఆయిల్ నిండా ఉన్నా పైకి ఎక్కక, బేరింగులు కరిగి, పిస్టన్లు తిప్పే, కొసన పుల్లీ ఉండే క్రాంకుకు అతుక్కుపోయాయి. ఆ రోజు కనిపించింది ఆయిల్ పొగ. ఆ ఇరుసు విరగడం ఎవరి తప్పూ కాదు. ఎవరూ ముందుగా చూడగలిగేదీ కాదు.

నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. నాకు ఏమీ కాని మనుషుల కోసం అంత తేలికపడటం అదే మొదటిసారి.

మనిషిని పంపిస్తే ఆదివారం కోటేశ్వరరావు గారు వచ్చారు. విప్పిన ఇంజన్ చూసి ముఖం ఎర్రబడింది.

"పారెయ్యమన్నా గదా."

నేను విరిగిన ఇరుసు ముక్కలు రెండూ ఆయన చేతిలో పెట్టాను. హెడ్ చూపించాను. నీటి చార చూపించాను. ఒక్కొక్కటీ చెబుతూ పోయాను. ఆయన మధ్యలో ఒక్కమాటే అడిగారు.

"నీళ్ళు ఉన్నయ్యంటావు?"

"నిండుగా ఉన్నాయండీ."

ఆయన మా నాన్న పక్కన బల్ల మీద కూర్చున్నారు. ఇరుసు ముక్కల్ని అతికించి చూసుకుంటూ చాలాసేపు ఉన్నారు. తర్వాత చేతికంటిన ఆయిల్ పంచెకు తుడుచుకుని, లేచి బస్టాండు వైపు నడిచారు. ముక్కలు తనతోనే తీసుకెళ్ళారు.

వాళ్ళింట్లో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మరో పది రోజులకు కారు తయారయ్యాక కబురు పెడితే, అన్నదమ్ములిద్దరూ ఒకే బస్సులో దిగారు. సుబ్బారావు గారు వెనకగా నిలబడ్డారు. ఒక్క సెల్ఫుకే ఇంజన్ అందుకుంది. నాన్న చెవి ఒగ్గి, నాలుగూ బాగున్నాయన్నాడు.

కోటేశ్వరరావు గారు స్టీరింగు ముందు కూర్చుని, "ఒరేయ్ సుబ్బాయ్, ఎక్కు," అన్నారు.

"మస్తాన్‌ను ఎక్కించుకో అన్నయ్యా. ట్రయలు గదా."

"ఎక్కరా."

ఆయన ఎక్కారు. రెండే సీట్లు కాబట్టి నేను మిగిలిపోయాను. రైలు గేటు దాకా వెళ్ళి వస్తామన్నారు. గంటయింది, రెండు గంటలయింది. బండి రాలేదు. కొత్త ఇంజన్ ఏ పొలం పక్కన ఆగిపోయిందోనని రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాను. యోహాను సైకిల్ తీసుకుని గేటు అవతలిదాకా వెళ్ళి చూసొచ్చాడు. ఎక్కడా లేరు. సాయంత్రం వాళ్ళ ఊరి పాలాయన వచ్చి చెప్పాడు. ఇద్దరూ తిన్నగా ఇంటికి పోయారట. సుబ్బారావు గారింట్లో అన్నం తింటున్నారట. మాకు చెప్పి పోవాలన్న సంగతే మరిచిపోయారు. నాన్న అంతలా నవ్వడం నేను చాలా రోజులకు చూశాను.

ఇక నాకు ఇప్పటికీ అంతుపట్టనిది చెబుతాను. ఇంజన్ విప్పిన రోజు సిలిండర్ల గోడలు కూడా చూశాను. నాలుగు పిస్టన్లూ తుప్పుతో గోడలకు అతుక్కుపోయి ఉన్నాయి. చెక్కముక్క పెట్టి సమ్మెటతో కొడితే గానీ రాలేదు. క్రాంకు తిరిగితే పిస్టన్లు కదలాలి, వేరే దారి లేదు. కానీ ఆ తుప్పు ఎక్కడా చెదరలేదు. పదహారేళ్ళలో అవి ఒక్క నూలుపోగంత కదిలిన గుర్తు కూడా లేదు. పుల్లీ ఒక్కటే వదులై తిరిగిందేమోనని అదీ పీకి చూశాను. నట్టు బిగువుగా ఉంది, పుల్లీని క్రాంకుకు పట్టి ఉంచే లోపలి చీల అరగలేదు. అయినా గాటు మాత్రం కిందే ఉంది. యోహానూ చూశాడు.

దాన్ని తిప్పింది వాళ్ళమ్మేనని కొందరన్నారు. నేను అనను, కాదనీ అనను. ఆ గదిలోకి వెళ్ళాలంటే తర్వాత నాకు ఎప్పుడూ భయం వేయలేదు. ఎన్నో ఇంజన్లు విప్పాను, ప్రతిదానికీ ఏం జరిగిందో యజమానికి చెప్పి పంపాను. ఆ ఒక్కదాన్ని ఎవరు తిప్పారని అడిగితే, తెలియదనే చెబుతాను.