గేదె చేపని సాయంత్రం

మా ఇల్లు తెనాలిలో రేపల్లె రైలు కట్ట పక్కనే. బండి వెళ్లినప్పుడల్లా వంటింటి అరల మీద స్టీలు గిన్నెలు గలగలలాడతాయి. కాపురానికి వచ్చిన కొత్తలో ఉలిక్కిపడేదాన్ని. ఇప్పుడు గిన్నెలు మోగకపోతే బండి లేటని గొణుక్కుంటాను.

టౌన్లో ఉంటూ గేదె ఎందుకండీ, పాకెట్టు పాలు దొరకవా అని మా అత్తగారితో ఒక్కసారంటే ఒక్కసారి అన్నాను. ఆవిడ చూసిన చూపు తలుచుకుంటే ఇప్పటికీ పాకెట్టు కత్తిరించడానికి చెయ్యి రాదు. అమృతలూరు నుంచి తోలుకొచ్చిన గేదె అది. దాని తర్వాతే మేమంతా, మా ఆయనతో సహా.

ఆ గేదె మీద అంతే ప్రేమ ఉన్న ఇంకో మనిషి గోడ అవతల ఉంది. వాళ్లు ముస్లిములు. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. నేను పిన్నీ అంటాను. పొద్దున్నే పాలు పితికే వేళకి గోడ మీద మోచేతులు ఆనించి, "ఎంత పొదుగక్కా, మాషా అల్లా" అనేది. ఆ మాట లేకుండా ఆవిడ దేన్నీ మెచ్చుకోగా నేను వినలేదు. అదేదో ఊతపదం అనుకునేవారు మా అత్తగారు. మొదటి గిన్నె పాలు గోడ మీదుగా అవతలికి వెళ్లేవి. ఏళ్ల తరబడి అదే వరస.

ఒకరోజు పొద్దున కూడా అలాగే అంది. సాయంత్రం గేదె చేపలేదు. దూడని వదిలినా పాలు దించలేదు. కుడితి ముట్టలేదు. పలుపు తెంచుకునేలా గుంజుతూ, చెవులు నిక్కించి వీధి వైపే చూస్తూ నిలబడింది. మా అత్తగారు మెడ నిమిరారు, బతిమాలారు, చివరికి తిట్టారు. అది తలైనా తిప్పలేదు.

"పొద్దున చూపు పడింది," అన్నారు.

ఇంకేముంది, ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట్లోకి వచ్చాయి. గేదె చుట్టూ తిప్పుతూ ఎప్పుడూ అనేదే అన్నారు, ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అంటూ. మా పిల్లలకి తీసేటప్పుడూ అదే, ఎవరూ పట్టించుకోరు. ఆ సాయంత్రం మాత్రం పొరుగు అన్న మాట దగ్గర గొంతు పెంచి, గోడ వైపు తిరిగి మరీ అన్నారు. నాకు ఒళ్లు మండింది.

"అత్తయ్యా, వినపడుద్దండీ."

"వినపడనీ."

నిప్పుల్లో వేసిన మిరపకాయలకి ఎవరికీ దగ్గు రాలేదు. ఘాటు రాలేదంటే దిష్టి ఉన్నట్టే లెక్క. కేసు తేలిపోయింది.

గోడవతల మిషను చప్పుడు ఆగింది. కాసేపటికి పిన్ని తల కనిపించింది. "అక్కా, మా కోళ్లు గూట్లోకి పోవట్లేదు. ఎంత తోలినా రేకులెక్కి కూర్చుంటన్నాయి. ఏంటో మరి..." అంది. మా అత్తగారు వినపడనట్టు చీపురు తీసుకుని పాక ఊడవసాగారు. పిన్ని కాస్సేపు నిలబడి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున గోడ మీద మోచేతులు లేవు. గేదె మళ్లీ చేపలేదు. నేను ఇడ్లీ కుక్కరు దించుతుంటే అరల మీద గిన్నెలు గలగలమన్నాయి.

"ఇందాకేగా బండి వెళ్లింది, మళ్లీ ఏం బండే?" అన్నారు మా అత్తగారు.

అప్పుడు కాళ్ల కింద గచ్చు కదిలింది. నేను పిల్లల్ని లాక్కుని వీధిలోకి పరిగెత్తాను. ఆవిడ గేదె పలుపు విప్పడానికి పరిగెత్తారు. మేం బయటికి వచ్చేసరికే అంతా ఆగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. బాపట్ల ఆఫీసు నుంచి మా ఆయన ఫోన్ చేసి, అక్కడా కుర్చీ ఊగిందన్నారు. వీధిలో జనమంతా ఇంకా భయంతో వణుకుతుంటే గేదె తాపీగా నెమరేస్తోంది.

"ఇందుకా తల్లీ," అని దాని నుదురు నిమిరి, మా అత్తగారు వాళ్ల గుమ్మం ముందు నిలబడ్డ పిన్ని వైపు చూశారు. పిన్ని చూపు తిప్పుకుంది.

గేదెకి నిజంగా ముందే తెలిసిందో లేదో నేను చెప్పలేను. జోరీగ కుట్టినా చేపని గేదెలుంటాయి. పిల్లి తిరిగిన పూట కోళ్లు గూట్లోకి పోవు. భూమి కదలకపోయుంటే ఆ సాయంత్రాన్ని మేమందరం మర్చిపోయేవాళ్లం, పిన్ని తప్ప.

ఆ పూట గేదె నురగలు పొంగేలా ఇచ్చింది. గిన్నె నేను అందుకోబోతే మా అత్తగారు ఇవ్వలేదు. తనే గోడ దగ్గరికి వెళ్లి పిలిచారు. పిన్ని వచ్చింది, తల వంచుకునే చెయ్యి చాపింది.

"గేదెని చూడవేం?"

"వద్దులే అక్కా. మళ్లీ ఏమన్నా అయితే..."

నాకు ఏడుపొచ్చింది. మా అత్తగారు ఎవరి ముందూ తగ్గగా నేను చూడలేదు. "నాకు బుద్ధి లేక అన్నాను. నువ్వు చూడు. చూసి, బాగుందను," అన్నారు.

"వట్టినే బాగుందని ఎప్పుడన్నానక్కా? మాషా అల్లా అనకుండా ఏనాడూ అనలా. మెచ్చుకున్నదానికి దిష్టి తగలకూడదనే మాలో ఆ మాట అంటాం."

మా అత్తగారు గిన్నె పిన్ని చేతిలో పెట్టారు. మా అత్తగారు ఉప్పు తిప్పేది ఏ పండక్కో పబ్బానికో. పిన్ని మాత్రం గోడవతల నుంచి మా గేదెకి రోజూ దిష్టి తీస్తూనే ఉంది.

ఇప్పుడు మా గేదె తుమ్మితే చాలు, వీధంతా బయటికొచ్చి నిలబడుతుంది. మా అత్తగారు నవ్వి ఊరుకుంటారు. పొద్దున్నే పాలగిన్నె గోడ మీద పెట్టి, దాని మీద చెయ్యి తియ్యకుండా నిలబడతారు. అవతల నుంచి ఆ మాట వినపడ్డాకే వదులుతారు.